పన్నెండో సీసా

ఆదివారం కాని రోజుల్లో అల్లాబక్షు నాకు
మేక మోకాళ్లు చవగ్గా ఇస్తాడు.
పర్లాకిమిడి బజార్లో ఇంకా షట్టర్లు లేవకముందే
థర్మాకోల్ పెట్టెలో ఐసు పరిచి
సైకిలు మీద ల్యాబుకి తెచ్చుకుంటాను.
"పులుసుకా అమ్మా?" అని కొత్తలో అడిగేవాడు.
ఇప్పుడడగడు. కీలు చితక్కుండా కొట్టడం నేర్చుకున్నాడు.

మృదులాస్థి అంటుంది పుస్తకం.
మా ఇంట్లో కరకర బొమిక.
విరిగిన పాల మీద తేలే నీళ్ల రంగు.
నెత్తురు అడుగు పెట్టని పేట అది, నరం పలకని పేట.
అరుగుతున్నా అరవదు,
చిరిగినా తనని తాను కుట్టుకోలేదు.
కేక మనదాకా వచ్చేసరికి
ఎముక మీద ఎముక.

బ్లేడుతో పలకలుగా గీరతాను.
గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించి
సబ్బునీళ్లలో మూడు రోజులు తిప్పుతాను.
ఆ మేక తాలూకు కణం ఒక్కటీ మిగలకూడదు.
అది ఏ గట్టెక్కిందో, ఏ కంచె మీద కాళ్లు మోపి ఆకు అందుకుందో
అంతా సింకులోకి పోవాలి.
మిగిలేది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన ఇల్లు.
గోడలుంటాయి, మేకులుంటాయి,
క్యాలెండరు వేలాడిన చోట మాయని సున్నం చదరం ఉంటుంది.
కొత్తగా దిగే కణాలు ఆ గుర్తులు చూసే
ఎవరు ఎక్కడ సర్దుకోవాలో తెలుసుకుంటాయని
మా సస్మిత మేడం నమ్మకం.
నేనూ నమ్ముతాను, సగం.
మిగతా సగం మైక్రోస్కోపు చెప్పాలి.

ఆరబెట్టి, పొడి చేసి, పెప్సిన్‌లో అరిగిస్తే
చిక్కటి గంజి. ఐసులో ఉన్నంతసేపూ గంజే.
ఒంటి వేడి తగిలితే పేరుకుంటుంది.
పేరుకోవాలి.
పదకొండుసార్లు పేరుకోలేదు.
నోటుబుక్కులో పదకొండు చోట్ల ఒకటే మాట: నీళ్లు.

దండపాణి మహారాణా మధ్యాహ్నాలు వస్తాడు.
కొమ్ముతో కొంగలు, రొయ్యలు చెక్కే చెయ్యి.
యాభై ఏళ్లు గొంతుక్కూర్చుని
కాలివేళ్ల మధ్య కొమ్ము బిగించి చెక్కాడు.
ఒంటికాలి మీద కొంగని నిలబెట్టేసి
తను లేవడానికి గోడ పట్టుకుంటాడు.
"మా కొమ్ము వేడి చూపితే మెత్తబడతాది.
నీది ఓలటా ఏటమ్మా, వేడికి గట్టిపడతాదా?"
"రెండూ గడ్డి మేసినవే తాతా, బుద్ధులే వేరు."
"మరి నా మోకాలికి ఎప్పుడు?"
ముందు కుందేలు, తర్వాత గొర్రె,
తర్వాత ఢిల్లీ కాగితాలు, తర్వాత
వేళ్లు చాలక ఆపేశాను.
"కుందేలు జాతకం బాగుంది" అని నవ్వాడు.
దాని మోకాలికి ముందు గాయం చేసేది కూడా మేమేనని
చెప్పలేదు.

నిన్న సాయంత్రం మహేంద్రతనయ అవతలి నుంచి వాన.
కరెంటు పోయింది. ఇంక్యుబేటరు ఎర్రదీపం ఆరింది.
డీజిలుకి సంతకం పెట్టే ఆయన బరంపురంలో ఉన్నాడు.
చేతిలో పన్నెండో సీసా.
గుప్పిట పట్టాను. అరచేతి వేడి చాలదని గుర్తొచ్చి
జ్వరం చూసుకునేదానిలా చంకలో ఇరికించుకున్నాను.
చీకట్లో, స్టూలు మీద,
సొంత ఒంటిని ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ మోయలేదు.
నౌపడా రైలు కూసింది. అదే గడియారం.
ఇరవై నిమిషాలో, ముప్పైయో.

ఫోను లైటు వేసి సీసా తలకిందులు చేశాను.
జారలేదు.
గోటితో తట్టాను.
వణికింది. జారలేదు.

ఉష్ణోగ్రత గడిలో ఏం రాయాలో తోచలేదు.
"కరెంటు లేదు. నా ఒళ్లు" అని రాశాను.
మేడం ఎర్ర ఇంకుతో కొట్టేస్తుంది. కొట్టేయాలి కూడా.
పదమూడోది దీపం వెలుగుతుండగా చేయాలి,
ఇంకొకరి చేత్తో కూడా ఇలాగే నిలవాలి.

తెల్లారి అల్లాబక్షుకి చెప్పాలి:
రేపటికి నాలుగు మోకాళ్లు.